ఈ ఇంట్లో పొయ్యి లేదు

నేల కుంగిన రోజు పాపాయి పొయ్యి ముందే ఉంది. ఇంకెక్కడుంటుంది! పొద్దున ఆరింటికి కుండ ముందు కూర్చుంటే మధ్యాహ్నం రెండింటిదాకా లేవని మనిషి. ఒకటీ రెండూ కాదు, ముప్ఫై ఏళ్ళ నుంచీ అదే వరస. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళకి కొదవలేదు గానీ, పాపాయి తీసిన రేకు వెలుతురుకి పట్టి చూస్తే అవతల నిలబడ్డ మనిషి మీసం కూడా కనపడుతుందని చెప్పుకుంటారు. చెప్పుకోవడమేంటి, నిజమే.

బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతున్నాయి. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగింది. చుయ్యిమని రేకు లేచింది. సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి ఢామ్మని చప్పుడు, దాని వెనకే మరో రెండు, ఆ వెనక మొగుడి కేక.

"పాపాయీ! మంచం దిగబడిపోతందే!"

పరిగెత్తింది. తెల్ల టైల్సు నాలుగు పైకి లేచి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. వాటి పక్కన నేల బొడ్డుబావిలా గుంటపడింది. మంచం కోడు ఒకటి అందులోకి జారిపోయింది, వెంకన్న కిటికీ ఊచ పట్టుకుని వేలాడుతున్నాడు. ఒకప్పుడు రోజుకి నలభై చెట్లెక్కి కొబ్బరికాయ దింపిన మనిషి. నాలుగేళ్ళ కిందట చెట్టు మీంచి పడ్డాడు, నడుం పోయింది. అప్పట్నుంచీ అతని లోకమల్లా ఓ మంచం, ఓ చేతికర్ర, ఓ కిటికీ.

అతని కోసమే ఈ ఇంట్లో దిగింది పాపాయి. వెనక వరండాలో పొయ్యి పెట్టుకుని కూర్చుంటే మధ్య తలుపులోంచి ముందుగదిలో మంచం సూటిగా కనపడుతుంది. మొగుడు దగ్గినా వినపడుతుంది, కదిలినా కనపడుతుంది. ఓ పక్క రేకు తీస్తూనే, "ఏం మావా, మంచినీళ్ళు కావాలా?" అని కేకేయొచ్చు. ఊళ్ళో ఇంకే ఇంట్లోనూ ఆ సుఖం లేదు. కొత్త ఇళ్ళవాళ్ళు పొగ పడదంటారు. పాత ఇళ్ళకేమో గుమ్మం ముందు నాలుగు మెట్లుంటాయి. వెంకన్న ఎక్కలేడు.

ఇల్లు గణేష్‌బాబుది. ఉండేది రాజమండ్రిలో. ఎప్పటికైనా ఉంటుందని బ్యాంకు లోను పెట్టి ఇక్కడ మేడ కట్టాడు. మేడమీద గదులకి తాళం. కింద పాపాయికి అద్దె. మేడమీద బాత్రూం పైపు గోడలోపలే చీలి, ముందుగది గోడ చెమ్మగిల్లడం మొదలైన నాడే పాపాయి ఫోన్ చేసింది. "చూద్దాం పాపాయమ్మా" అన్నాడు. వారానికి మళ్ళీ చేసింది. "ప్లంబరుకి చెప్పాగా" అన్నాడు. మూడోసారి చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. ఏం మీటింగో! టైల్సు కింద పరిచిన గోదారి ఇసక నీళ్ళతో పాటు మెల్లిగా కొట్టుకుపోయింది. చివరికిలా అయింది.

ఫోన్ చేసిన మూడుసార్లూ రానివాడు నేల కుంగిందనగానే గంటన్నరలో కారేసుకుని దిగాడు. గుంట చూశాడు, నెత్తి పట్టుకున్నాడు, ఫోన్లో నలుగురితో మాట్లాడాడు. మాట్లాడి వచ్చేసరికి మొహం కాస్త తేటపడింది.

"అదృష్టం పాపాయమ్మగారూ! లోను ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్ళు ఇంటికి ఇన్సూరెన్సు చేయించారు. పైపు పగిలి జరిగిన నష్టానికి కంపెనీవాళ్ళే ఇస్తారట. వాళ్ళ సర్వేయరు వచ్చి నష్టం చూసుకోవాలి. అప్పటిదాకా ఒక్క టైలు కూడా కదపకూడదు."

గారు అన్నాడంటే పాపాయికి భయం. ఈ బాబు గారు తగిలించాడంటే దాని వెనక ఏదో పని ఉంటుంది. అనుకున్నంతా అయింది. వెనక వరండాలోకి నడిచి పొయ్యి ముందు ఆగాడు.

"ఇది తీసెయ్యాలండి."

"ఏంటి బాబూ?"

"పొయ్యి. ఇది నివాసానికని రాయించిన పాలసీ. లోపల వ్యాపారం నడుస్తోందని తెలిస్తే క్లెయిమ్ కొట్టేస్తారు. సర్వేయరు వచ్చి వెళ్ళేదాకానే. ఆ తర్వాత మళ్ళీ పెట్టుకుందువు."

"దసరా ఆర్డర్లున్నాయి బాబూ. కొట్లవాళ్ళకి మాటిచ్చేశాను."

"ఒకటి రెండ్రోజులు. అంతే. కాదంటావా, క్లెయిమ్ రాదు. రాకపోతే ఈ నేల ఎవరు వేయించాలి? నీ పొయ్యి వేడికే నా టైల్సు లేచాయని నేననాల్సొస్తుంది. అప్పుడు నేల నీ మీద పడుతుంది."

"వెనక వరండాలో పొయ్యి వేడికి ముందుగదిలో నేల కుంగుద్దా బాబూ? నేను మూడుసార్లు ఫోన్ చేసి..."

"అదిగో, ఆ ఫోన్ల సంగతి కూడా సర్వేయరు దగ్గర ఎత్తకు." గొంతు తగ్గించాడు. "చూడూ, నీ ఇల్లూ నిలబడాలి, నా ఇల్లూ నిలబడాలి. వెంకన్నని పెట్టుకుని మళ్ళీ ఎక్కడ వెతుక్కుంటావు?"

అక్కడ కొట్టాడు దెబ్బ. తగలాల్సిన చోటే తగిలింది.

ఆ సాయంత్రమే గునపం తెచ్చి తన పొయ్యి తనే పగలగొట్టుకుంది. కాలవగట్టు మట్టి తెచ్చి, ఊక కలిపి, తన ఒళ్ళు ఏ కొలతన వంగుతుందో ఆ కొలతన కట్టుకున్న పొయ్యి. రెండు పోట్లకి విడిపోయింది. మసిబారిన గోడకి గణేష్‌బాబు మనిషొచ్చి తెల్ల పెయింటేశాడు. కుండని మాత్రం ఎవర్నీ తాకనివ్వలేదు. ఒక్కో కుండ కుదరడానికి నెలలు పడుతుంది. కుదరని కుండ మీద రేకు అతుక్కుని చస్తుంది. పాతచీరలో చుట్టి వెంకన్న మంచం కిందకి తోసింది.

"నా కింద నీ సవితి పడుకున్నట్టుందే" అన్నాడు వెంకన్న. నవ్విద్దామనే అన్నాడు. పాపాయి నవ్వలేదు.

ఇక చూడండి ఆ ఇంట్లో కాపురం. రోజూ పొద్దున్నే గణేష్‌బాబు ఫోను. "ఇవాళ వస్తారట, ఇంట్లోనే ఉండు." సాయంత్రం మళ్ళీ ఫోను. "రేపట." మర్నాడూ అదే పాట. ఒకటి రెండ్రోజులన్నది నాలుగైంది, నాలుగు ఏడైంది. గుమ్మం దాటితే ఆ క్షణానే సర్వేయరు వచ్చేస్తే? కూరలకి కూడా వెళ్ళలేక గుమ్మంలోంచే బండివాణ్ణి పిలిచి కొనేది. గుంట చుట్టూ గోడ వారగా నడవాలి. లేచిన టైల్సు అంచులు కత్తుల్లా ఉన్నాయి, మడమ రెండుచోట్ల కోసుకుంది. ఊడ్చడానిక్కూడా లేదు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉండాలట. వెంకన్న మంచాన్ని మూలకి లాగేసింది. గుంట దాటి దొడ్లోకి వెళ్ళాలంటే అతన్ని చంకల కింద పట్టుకుని తీసుకెళ్ళాలి. మగమనిషి బరువు, ఆవిడ ఒళ్ళు, ఆ అంచులు. సిగ్గుతో వెంకన్న నీళ్ళు తాగడం తగ్గించేశాడు. ఆ సంగతి పాపాయికి మూడోరోజున తెలిసింది. తెలిసి, కసిరి, చెంబెడు నీళ్ళు దగ్గరుండి తాగించింది.

కొట్లవాళ్ళు రెండుసార్లు అడిగారు, మూడోసారి అడగలేదు. ఆర్డర్లన్నీ వీధి చివర బుల్లియ్య షెడ్డుకి వెళ్ళిపోయాయి. బుల్లియ్యది పెద్ద యాపారం. పదిహేను పొయ్యిలు, కూలికి పదిహేనుమంది ఆడవాళ్ళు. మధ్యాహ్నం పూట గాలి తిరిగితే ఆ షెడ్డు పొగ పాపాయి కిటికీదాకా వచ్చేది. ఆ వాసనకి ఆవిడ చేతులు ఊరికే ఉండేవి కావు. కొంగుని ముంచి పిండినట్టు పిండుతూ కూర్చునేది.

"ఏమే, చేతులు నొప్పా?" అనేవాడు వెంకన్న.

"నొప్పి కాదు మావా. పని లేక పిచ్చెక్కుతుంది."

పదకొండో రోజున వచ్చింది సర్వేయరు. ఎవరో పెద్దాయన వస్తాడనుకుంటే పాతికేళ్ళ పిల్ల. పేరు ప్రిస్కిల్లా. రాజమండ్రి నుంచి స్కూటీ మీద వానలో తడుస్తూ వచ్చింది. గణేష్‌బాబు కారు ఆ వెనకే. వస్తూనే ఆ పిల్ల చెప్పులు గుమ్మం బయట విప్పబోయింది. టైల్సు కోసుకుంటాయని పాపాయే వద్దంది.

టేపు పెట్టి గుంట కొలిచింది. ఫోన్లో ఫోటోలు తీసింది. గోడ తట్టి చూసింది. వెనక వరండాలోకి వెళ్ళింది. తెల్లగోడ, ఖాళీ నేల. ఆ పిల్ల ఒక్క ఫోటో తీసుకుని వచ్చేసింది. వెంకన్న మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసి, కింద ఉన్న చీరమూట కనపడకుండా దుప్పటి జార్చి కూర్చున్నాడు. మంచం గుంటలోకి జారిన నాడు కూడా అంత చెమట పట్టలేదు అతనికి.

"సరేనండి, అయిపోయింది. పైపు పగిలిన నష్టమే. రిపోర్టు రాసి పంపిస్తాను" అంది ప్రిస్కిల్లా.

అయిపోయింది! విన్నారుగా? ఆ పిల్లే నోరారా చెప్పింది. స్కూటీ తాళం కూడా చేతిలోకి తీసుకుంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ పాపాయి ఊరుకోలేదు. ఊరుకోవడం ఆవిడకి చేతకాదు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ గుమ్మం తొక్కి, నోట్లో రేకు పడకుండా వెళ్ళినవాళ్ళు లేరు. కరెంటు బిల్లు కొట్టేవాడు, పోస్టుమాను, దారి తప్పి అడగడానికి వచ్చినవాడు, ఎవరైనా సరే. అందులోనూ వానలో తడిసొచ్చిన ఆడపిల్ల.

"ఒక్క నిమిషం ఉండమ్మా. ఉత్తి చేతులతో ఎలా వెళ్తావ్?"

గణేష్‌బాబు కళ్ళతో ఏదో సైగ చేశాడు. పాపాయి చూస్తే కదా! అప్పటికే డబ్బా మూత తీసింది. పొయ్యి పగలగొట్టిన నాటికి మిగిలిన రేకులు ఒకటో రెండో కట్టలున్నాయి. తడిగుడ్డ పరిచి దాని మీద రేకు వేసింది. మెత్తబడగానే నెయ్యి చిలకరించి, చక్కెర పొడి చల్లి, పైన ఇంకో రేకు, మళ్ళీ నెయ్యి, రెండు మడతలు, ఒక చుట్టు. పదకొండు రోజులు పనిలేక పడి ఉన్న చేతులు ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్టు ఆడాయి. ప్రిస్కిల్లా నోరు తెరుచుకుని చూసింది. కొరికి కళ్ళు మూసుకుంది.

"అబ్బ! కొట్టులో కొన్నవి ఇలా ఉండవండి. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారమ్మా?"

"ముప్ఫై ఏళ్ళమ్మా. రోజుకి మూడొందల రేకులు తీస్తాను. పొయ్యి మీద చెయ్యి పెడితే కుండ వేడి ఎంతుందో చెప్పేస్తాను" అనేసింది పాపాయి.

గర్వం. ఇంకేం కాదు. ఎవరో ఒకరు బాగుందన్నారు, పదకొండు రోజుల తర్వాత. ఆ సంబరంలో నోరు జారింది. మాట బయటపడ్డాక గానీ ఏమన్నదో తెలిసిరాలేదు.

ప్రిస్కిల్లా నమలడం ఆపింది. ఒక్కసారి వెనక వరండా వైపు చూసింది. ఆ తెల్లగోడ పెయింటు వాసన ఇంకా పోలేదు.

"ఎక్కడ తీస్తారమ్మా రేకులు?"

గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. వెంకన్న దుప్పటి అంచు గుప్పెట్లో పట్టుకున్నాడు. పాపాయి అతన్ని చూసింది. ఇక్కడే అంటే క్లెయిమ్ పోతుంది, నేల తన మీద పడుతుంది, ఇల్లు పోతుంది. ఈ మనిషిని ఏ నాలుగు మెట్ల మీదకి ఎత్తుకెళ్ళాలి?

"బుల్లియ్యగారి షెడ్డులోనమ్మా. కూలికెళ్తాను."

"ఇంట్లో పొయ్యి లేదా?"

"లేదమ్మా. ఈ ఇంట్లో పొయ్యి లేదు."

ఆ పిల్ల కాసేపు ఆవిడ మొహంలోకే చూసింది. కఠినంగా ఏం చూడలేదు, జాలిగానే చూసింది. "నేను అడక్కపోయుంటే బాగుండేది. అడిగాను కాబట్టి రిపోర్టులో రాయాలి. ఈ మాటే మీరు కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

గణేష్‌బాబు ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు కాగితం తీసి తనే గబగబా రాశాడు. నేను ఈ ఇంటిలో నివాసం మాత్రమే ఉంటున్నాను, పూతరేకుల పని బుల్లియ్యగారి షెడ్డులో కూలికి చేస్తాను, ఈ ఇంటిలో పొయ్యి లేదు. పాపాయి ఐదో తరగతి చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుంది, కింద తన పేరు తనే రాసింది.

క్లెయిమ్ వచ్చింది. ఇరవై రోజుల్లో మేస్త్రీలు దిగారు, పైపు మార్చారు, గుంట పూడ్చారు, ముందుగది నుంచి వెనక వరండాదాకా కొత్త నేల పరిచారు. బూడిదరంగు టైల్సు, నున్నగా, అద్దంలా. గణేష్‌బాబు ఫోటోలు తీసి చుట్టాలకి పంపుకున్నాడు. మేస్త్రీలు వెళ్ళిన మర్నాడే పాపాయి కాలవగట్టుకెళ్ళి తట్టెడు బంకమట్టి తెచ్చింది. కొత్త నేల పాడవకుండా కింద ఇనప రేకు పరిచి, పైన ఇటికలు పేర్చి మరీ మట్టి కలుపుతోంది. పాడుకుంటోంది కూడా. మంచం మీంచి వెంకన్న వంతపాడుతున్నాడు. అప్పుడొచ్చాడు గణేష్‌బాబు.

"ఏంటి పాపాయమ్మా ఇది?"

గారు లేదు. పాపాయి చేతులు మట్టిలోనే ఆగిపోయాయి.

"పొయ్యి బాబూ. మళ్ళీ పెట్టుకోమన్నారుగా."

"అన్నాను. నువ్వు కాగితం రాసివ్వక ముందు అన్నాను." జేబులోంచి జిరాక్సు తీశాడు. "ఇందులో ఏముంది? ఈ ఇంటిలో పొయ్యి లేదు. నీ సంతకం. వాళ్ళు నేల చూసుకోవడానికి మళ్ళీ వస్తారు, ఎప్పుడొస్తారో చెప్పరు. వచ్చేసరికి ఇక్కడ పొయ్యి ఉంటే నాది దొంగ క్లెయిమ్, నీది దొంగ సాక్ష్యం. ఇద్దరం కలిసి కోర్టుకెళ్దామా?"

"మీరే కదండీ చెప్పమన్నది!"

"పొయ్యి తీసెయ్యమన్నాను. అంతే. ఆ పిల్ల వెళ్ళిపోతోంది పాపాయమ్మా! తాళం చేతిలో పట్టుకుంది. పిలిచి కూర్చోబెట్టి రేకు పెట్టమని నేను చెప్పానా? రోజుకి మూడొందలు తీస్తానని చెప్పమన్నానా? బుల్లియ్య పేరు నేను చెప్పానా?"

మూడుసార్లు ఫోన్ చేసినా రాని మనిషి మీద పాపాయికి కోపం ఉంది, కావలసినంత ఉంది. కానీ ఆ మూడు మాటలూ నిజమే. అతనేం చెప్పలేదు. ఆ రేకు తనే పెట్టింది. తన చేత్తో పెట్టిన రేకుకే ఆ కాగితం పుట్టింది. తట్టలో మట్టి రెండ్రోజులు అలాగే ఎండి బెడ్డలు కట్టింది. మూడోరోజు దొడ్లో పారబోసింది.

ఆ తర్వాత ఏముంటుంది! బుల్లియ్య షెడ్డుకే వెళ్ళి నిలబడింది. పాపాయి అంతటిది కూలికొచ్చిందని బుల్లియ్య మర్యాదగానే మాట్లాడాడు, మర్యాదగానే షరతు చెప్పాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు. మధ్యలో అరగంట భోజనం. కుండ షెడ్డుది, పొయ్యి షెడ్డుది. రేకు ఒక్కటి కూడా బయటికి వెళ్ళకూడదు.

మరి వెంకన్న? కొత్త నేల మీద అతని చేతికర్ర నిలవడం లేదు. మొదటిరోజే కర్ర జారి బోర్లా పడ్డాడు, పెదవి చిట్లింది. కర్ర చివర గుడ్డ చుడితే ఇంకా జారింది. "నేనొచ్చేదాకా మంచం దిగొద్దు మావా, నీకు దణ్ణం పెడతాను" అని చెంబుతో నీళ్ళూ, డబ్బాలో అన్నమూ, కింద బకెట్టూ అన్నీ చేతికందేలా పెట్టేది. తలుపు తీసి ఉంటే కుక్కలు జొరబడుతున్నాయి, తోలడానికి లేవలేడు. అందుకని వెళ్తూ వెళ్తూ బయట గొళ్ళెం వేసేది. మొదటిరోజు గొళ్ళెం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి కిటికీలోంచి చూసింది. వెంకన్న ఇటు చూడకుండా గోడకి తిరిగి పడుకున్నాడు. అతను చూడకపోవడమే ఆవిడకి ఎక్కువ నొప్పి కలిగించింది.

దీపావళి వెళ్ళిన వారానికి, మధ్యాహ్నం భోజనం వేళ పాపాయి పరుగులాంటి నడకతో ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు స్కూటీ. ప్రిస్కిల్లా కిటికీ దగ్గర నిలబడి లోపలున్న వెంకన్నతో మాట్లాడుతోంది. పాపాయిని చూసి, తలుపుకున్న గొళ్ళెం వంక ఒకసారి చూసింది.

"కొత్త నేల ఫోటో కోసం వచ్చానమ్మా. బాబాయిగారు లోపలున్నారు, తలుపు బయట వేసుంది. ఏమైందోనని కంగారుపడ్డాను."

"ఏం కాలేదమ్మా. కుక్కలొస్తాయని." గొళ్ళెం తీసింది. ఆ పిల్ల లోపలికొచ్చి రెండు ఫోటోలు తీసింది. వరండాలోకెళ్ళి ఇంకోటి తీసింది. తెల్లగోడ, ఖాళీ నేల. పెయింటు వాసన పోయింది. ఆ పిల్ల అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడింది. వచ్చేటప్పుడు వెంకన్న పెదవి మీద మచ్చ చూసింది, మంచం పక్కన బకెట్టు చూసింది.

"నేల బాగా వచ్చిందమ్మా" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఆయ్. బాగా వచ్చింది."

"మీరు... బుల్లియ్యగారి షెడ్డు నుంచే వస్తున్నారా?"

"అవునమ్మా. కూలికెళ్తున్నాను. కాయితంలో రాసినట్టే."

ప్రిస్కిల్లా బ్యాగు సర్దుకుని గుమ్మం వైపు తిరిగింది. పాపాయి చెయ్యి అలవాటు కొద్దీ గూట్లో డబ్బా మీదకి వెళ్ళింది. మూత తీసింది. అడుగున రేకు పొట్టు తప్ప ఏం లేదు. మూత పెట్టేసింది.

"ఏం అనుకోకమ్మా. పెట్టడానికి ఏం లేదు. ఈ ఇంట్లో పొయ్యి లేదు కదా."

ఆ పిల్ల తల దించుకుని వెళ్ళిపోయింది. భోజనం అరగంటలో ఇరవై నిమిషాలు అయిపోయాయి. పాపాయి రెండు ముద్దలు వెంకన్నకి కలిపిపెట్టి, తను తినకుండానే లేచింది. బకెట్టు దగ్గరికి జరిపింది, చెంబు నింపింది, బయటికొచ్చి గొళ్ళెం వేసి షెడ్డు వైపు గబగబా నడిచింది.